మా గూడెం పటం మా దగ్గర ఎందుకు లేదు?

మా గూడేలకు జీపు వచ్చిందంటే రెండే అర్థాలు. ఫారెస్టోళ్ల జీపైతే పోడు దున్నేవాళ్లు నాగలి వదిలి చెట్ల మాటుకు పోవాలి. తెల్ల జీపైతే అందరూ ఇప్పచెట్టు కిందకు రావాలి. తెల్ల జీపు దిగినవాళ్లు కోపగించుకునేవాళ్లు కాదు. కింద కూర్చునేవాళ్లు, మేం ఇచ్చిన నీళ్లు తాగేవాళ్లు. ముగ్గుపిండి ఇచ్చి ఊరి పటం గీయమనేవాళ్లు. మా ఆడవాళ్లు వాగు గీశారు, పెర్సాపేన్ గుడి గీశారు, పోడు చెలకలు గీశారు, ఎండాకాలం ఎండని ఊట ఎక్కడుందో కూడా చూపించారు. దాన్ని పెద్ద చార్టు మీదకు ఎక్కించి, ఫోటోలు తీసి, రిజిస్టరులో వేలిముద్రలు తీసుకుని, చార్టు చుట్టి జీపులో పెట్టుకున్నారు. ఆ పటం హైదరాబాద్ పోయింది, ఢిల్లీ పోయింది, బహుశా సముద్రం కూడా దాటింది. మా గూడెంలో మాత్రం దాని నకలు ఒక్కటీ లేదు.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క సంస్థ మీద కోపంతో రాస్తున్నది కాదిది. ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థ, విదేశీ డబ్బు కలిసి 'భాగస్వామ్యం' అనే మాటను మా నెత్తిన ఎలా పెట్టాయో చెప్పడానికే ఇది.

1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం ఉత్తర్వు వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన పదమూడేళ్లకు, 1994లో, ప్రపంచ బ్యాంకు డబ్బుతో అటవీ ప్రాజెక్టు మొదలైంది. ఊరూరా వన సంరక్షణ సమితి పెట్టారు. నిన్నటి దాకా మా గొడ్డళ్లు గుంజుకున్న శాఖ ఒక్కసారిగా మమ్మల్ని 'భాగస్వాములు' అన్నది. ఆ మాట మాకు నచ్చజెప్పే పని స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. ఫారెస్టోళ్లు చెబితే మేం వినమని వాళ్లకు తెలుసు. మా మధ్య కూర్చుని నీళ్లు తాగినవాళ్లు చెబితే వింటామనీ తెలుసు.

2002లో రెండో ప్రాజెక్టు వచ్చింది. అందులో 'ఉమ్మడి' పోయి 'సాముదాయక' అనే మాట వచ్చింది. దానికి ప్రపంచ బ్యాంకు ఇచ్చింది 10 కోట్ల 80 లక్షల డాలర్లు. మీటింగుల్లో దాన్ని 'సాయం' అన్నారు. అది సాయం కాదు, అప్పు. వడ్డీ లేకున్నా సేవా రుసుము కలిపి ఏళ్ల తరబడి తీర్చాల్సిన అప్పు. ఉప్పు ప్యాకెట్టు కొన్నా సబ్బు కొన్నా పన్ను కట్టే మేమూ అది తీరుస్తున్నవాళ్లమే. అప్పు తీర్చేవాళ్ల జాబితాలో మా పేరుంది, ఒప్పందం మీద సంతకాలు పెట్టినవాళ్ల జాబితాలో లేదు. అక్కడ మా పేరు 'లబ్ధిదారులు'.

లబ్ధి ఏమిటో చెప్పుకోవాలి కదా. కూలి దొరికింది, అబద్ధం ఆడం. కందకం తవ్వితే కూలి, నర్సరీలో కవర్లకు మట్టి నింపితే కూలి, మొక్క నాటితే కూలి. ఆ మొక్కలు మాత్రం చాలాచోట్ల మా పోడు చెలకల్లోనే నాటించారు. జొన్న, కంది పండిన చోట టేకు, నీలగిరి లేచాయి. మా భూమి చుట్టూ మా చేతనే కందకం తవ్వించి కూలి ఇచ్చారు. ఇంత నేర్పు నిజాం జంగ్లాతు శాఖకు కూడా లేదు. పోడు పోయిందన్న గోడు ఎంత గట్టిగా వినిపించిందంటే, రెండో ప్రాజెక్టు కాగితాల్లో గిరిజన అభివృద్ధి ప్రణాళిక, పునరావాస ప్రణాళిక అని ప్రత్యేకంగా రాసుకోవాల్సి వచ్చింది. రాసుకున్నారు. భూమి మాత్రం తిరిగి రాలేదు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉన్నవాళ్లకే పట్టా అన్నది. మరి అంతకుముందే సమితి మొక్కల కింద పోయిన పోడుకు ఏ సాక్ష్యం చూపాలి? మొక్కలు నాటిన కూలి రసీదా? ఆ చట్టమే సామూహిక అటవీ వనరుల మీద గ్రామసభకు హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం చేశారు? సామూహిక పత్రాలు చాలావరకు గ్రామసభల పేరున కాకుండా వన సంరక్షణ సమితుల పేరున రాసిచ్చారు. అటవీ శాఖ చెప్పుచేతల్లో ఉండే సమితి, ప్రాజెక్టు కోసం పుట్టిన సమితి, మా తాతల హక్కుకు వారసురాలైంది. సారమేడిని ఎవరూ అడగలేదు, రాయ్ సెంటర్‌లో ఎవరూ కూర్చోలేదు. ప్రాజెక్టు ముగిస్తే పోతుందనుకున్న సమితి మా హక్కు మీద కూర్చుని ఉండిపోయింది. భాగస్వామ్యం అంటే మాకు భయం పుట్టింది అప్పటి నుంచే.

సంస్థలన్నీ దొంగలని మేం అనడం లేదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు తెచ్చింది. ఆ తీర్పు దేశంలోని ఆదివాసీలందరికీ అండ. గమనించండి తమ్ముళ్లారా, ఆ రోజు ఆ సంస్థ ప్రభుత్వానికి భాగస్వామి కాదు, ప్రతివాదిగా నిలబెట్టింది. సర్కారుతో ఒప్పందం రాసుకుని, సర్కారు ఇచ్చే బిల్లు కోసం ఎదురుచూసే సంస్థ పోడు మీద కేసు వేయగలదా?

అసలు ఏది సర్కారు, ఏది స్వచ్ఛందం అన్న గీత కూడా చెరిగింది. 2000లో వెలుగు ప్రాజెక్టు వచ్చిన 6 జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. దాన్ని నడిపిన పేదరిక నిర్మూలన సంస్థ పేరుకు రిజిస్టరైన సొసైటీ, అధ్యక్షుడు ముఖ్యమంత్రి! వెలుగు పుణ్యాన మా ఆడవాళ్లు సంఘాలు కట్టారు, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చున్నారు. అది కాదనం. అదే సంఘాలను తర్వాత ప్రతి మంత్రి మీటింగుకూ జనాన్ని తేవడానికి వాడుకున్నారు. అదీ కాదనలేం.

ఇక సార్లకు, మేడమ్‌లకు ఒక మాట. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు, వెనక ఉన్నది పరాయి దేశస్థుడే, హైమండార్ఫ్. అయితే ఆయన అదే ఊళ్లో ఉన్నాడు, మా మాట నేర్చుకున్నాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. తర్వాత 1996లో బ్రిటన్ డబ్బుతో కరీంనగర్‌తో కలిపి 5 జిల్లాల్లో ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. గదులు లేచాయి, శిక్షణలు జరిగాయి. 2004లో గోండి, కొలామి సహా 8 భాషల్లో పిల్లలకు వాచకాలు తయారుచేశారు. మీ బడి అల్మారాలో ఆ వాచకం ఒక్కటి ఉందేమో రేపు వెతకండి. దొరికితే పిల్లలకు చదివి వినిపించండి. దొరకకపోతే ఎందుకు లేదని మండల విద్యాధికారిని రాతపూర్వకంగా అడగండి. భాష ప్రాజెక్టు కాదు కదా, మార్చి 31తో ముగిసిపోవడానికి.

ముగిసిపోవడం గురించి ఇంకో సంగతి. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయం ఆపమని ఒక్క సంతకం పెట్టాడు. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో నడిచే ట్రాన్స్‌జెండర్ల ఆసుపత్రి మిత్ర్ క్లినిక్ కొద్ది రోజులకే మూతపడింది. ఎక్కడో పెట్టిన సంతకానికి ఇక్కడ మందులు ఆగిపోయాయి. మన ఢిల్లీ తక్కువ తిన్నదా? 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఆ డబ్బంతా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలోకి రావాలన్నది, ఒక సంస్థ ఇంకో సంస్థకు అందులో నుంచి పైసా ఇవ్వకూడదన్నది. పెద్ద సంస్థలు ఆడిటర్లను పెట్టుకుని బతికాయి. పెద్ద సంస్థ ఇచ్చే కొంచెంతో మండలంలో పనిచేసే చిన్న సంఘాలు, కొన్నిచోట్ల మనవాళ్లే నడిపేవి, ఎండిపోయాయి. తాను లక్షల కోట్ల విదేశీ అప్పు తెచ్చుకునే ప్రభుత్వం చిన్న సంఘాన్ని మాత్రం విదేశీ ఏజెంటు అంటుంది.

మా తప్పూ ఉంది. సమితి చైర్మన్లయింది మా పటేళ్లే. జీతానికి ఊరూరా తిరిగి వేలిముద్రలు పెట్టించింది మా చదువుకున్న పిల్లలే, మాలో కొందరమూ ఆ పని చేశాం. ఏ కాగితం మీద పెట్టిస్తున్నామో పూర్తిగా చదవలేదు. జీతం వచ్చింది, చదవాలనిపించలేదు.

ఇప్పుడు చదవండి. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ చదవండి. ఊరి అభివృద్ధి పథకం ఏదైనా అమలుకు ముందు గ్రామసభ ఆమోదం పొందాలని, లబ్ధిదారులను గ్రామసభే గుర్తించాలని అందులో ఉంది. ఖర్చు పెట్టిన డబ్బుకు పంచాయతీ గ్రామసభ నుంచి వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలని కూడా ఉంది. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లోనే వచ్చాయి. మేం అడిగేది ఇంతే: పంచాయతీకి ఉన్న ఆ కట్టుబాటు మా పేరున డబ్బు తెచ్చే ప్రతి సంస్థకూ, ప్రతి శాఖకూ ఉండాలి. గ్రామసభ తీర్మానం లేకుండా ఒప్పందం వద్దు. ఎంత వచ్చింది, జీపుకెంత, జీతాలకెంత, ఊరికెంత అన్న లెక్క గ్రామసభలో గోండిలోనో కొలామిలోనో చదవాలి. వన సంరక్షణ సమితుల పేరున ఉన్న సామూహిక పత్రాలు గ్రామసభల పేరున మార్చాలి. మా ఊళ్లలో గీసిన పటాల నకళ్లు మాకు తిరిగి ఇవ్వాలి.

కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు ఏటా దర్బారు జరుగుతుంది. ఏళ్ల తరబడి దరఖాస్తు పట్టుకుని నిలబడేది మేమే, కుర్చీల్లో కూర్చునేది వాళ్లే. వచ్చే దర్బారుకు మేం దరఖాస్తు తేవడం లేదు. ఐటీడీఏ ఎదుట, సంస్థల ఎదుట రిజిస్టరు తెరిచి కూర్చుంటాం. మీ గూడెంలో ఏ సంస్థ, ఏ ఏడాది, ఏం పని చేసింది, ఏ కాగితం మీద వేలిముద్ర తీసుకుంది అన్నది రాసుకుని రండి. పెద్దమనుషులను అడిగి రాయండి, వాళ్లు ఉండగానే.