గేటు ఇవతల మనం

పిల్లల టీకాలు ఉచితం. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ ఉచితమే. కాబట్టి అందరికీ అందుతున్నాయని అనుకున్నాం. అనుకున్నామనడం కూడా పూర్తి నిజం కాదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో మన ఫ్లాట్ల పక్కనున్న రేకుల షెడ్లలో పిల్లలకు టీకాలు పడ్డాయా అన్న ఆలోచనే మనకు రాలేదు.

ఒక షెడ్డులో ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేకుకు తగిలించిన తల్లీబిడ్డల కార్డు చూశాను. ఒడియాలో ఉంది. పుట్టినప్పటి టీకాల దగ్గర తేదీలున్నాయి. తొమ్మిది నెలలకు వేయాల్సిన తట్టు టీకా గడి ఖాళీ. కార్డు మాత్రం ఎక్కడా చిరగలేదు. ఆ తల్లిది అశ్రద్ధ అనడానికి నాకు నోరు రాలేదు. ఇక్కడ టీకాలు వేసేది బుధ, శనివారాల్లో. ఆ రెండూ ఆమెకు పనిరోజులే, మానేస్తే కూలి పోతుంది. ఆ సైటు అయిపోగానే మేస్త్రీ ఇంకోచోటికి తీసుకుపోతాడు. ఆశ కార్యకర్త వెతుక్కుంటూ వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు. ఆపమన్నది మనలాంటివాళ్లే.

2016 డిసెంబరు 8 రాత్రి ఇక్కడే కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. విజయనగరం నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు పిల్లలతో సహా అందులోనే కాపురముంటున్నారని మనకు అప్పుడు తెలిసింది. కొన్నాళ్లు బాధపడ్డాం. తర్వాత మళ్లీ బిల్డరును అడిగింది గృహప్రవేశం ఎప్పుడనే.

ఆ పిల్లలకు టీకాలు అందనిది చేతకాక కాదు. అదే ఏడాది జూన్‌లో అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ కనబడితే, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో వారంలోనే లక్షల మంది పిల్లలకు పోలియో సూది వేశారు. ముప్పు మన పిల్లలకూ ఉంది కాబట్టే అంత కదలిక వచ్చిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

1997లో శాంతా బయోటెక్నిక్స్ చౌకగా హెపటైటిస్ బి టీకా తెచ్చింది ఈ ఊళ్లోనే. జీనోమ్ వ్యాలీ టీకాలు దేశదేశాలకు పోతున్నాయని గర్వంగా చెప్పుకుంటాం. 2021లో కోవిడ్ టీకా మన క్లబ్‌హౌస్‌కే వచ్చింది, కుర్చీల్లో కూర్చుని వేయించుకున్నాం. అదే క్లబ్‌హౌస్‌ను నెలకో బుధవారం పక్క సైటు పిల్లల టీకాలకు ఇద్దామని సంఘం సమావేశంలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. పార్కింగ్ గురించి, లిఫ్టు మరమ్మతు గురించి మాట్లాడుకుని ఇళ్లకు వెళ్లిపోయాం.