గాయాలు కడిగినవాళ్ళ ఊరూ పేరూ మనం అడగలేదు

పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో గాంధీని రైల్లోంచి దించేశారన్న సంగతి మన ఇళ్ళలో బడికి వెళ్ళే ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అది 1893. ఆరేళ్ళ తర్వాత, ఆ స్టేషన్ ఉన్న దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లోనే, బ్రిటిష్‌వాళ్ళకూ బోయర్లకూ మధ్య బోయర్ యుద్ధం వచ్చింది. గాయపడ్డ బ్రిటిష్ సైనికులను మోయడానికి బయల్దేరిన భారతీయుల అంబులెన్స్ దళంలో 1,100 మంది ఉంటే, అందులో సుమారు 300 మందే స్వతంత్రులు. మిగతా అందరూ ఒప్పంద కూలీలు. ఈ మాట మాత్రం పిల్లలకే కాదు, మనకూ గుర్తులేదు. ఎవరో దాచారని అందామంటే, గాంధీ ఆత్మకథలోనే ఉందిది. ఆ పుస్తకం మన అలమరాల్లోనే ఉంది. చదివాం కూడా. చదువుతూ ఆ వాక్యాన్ని దాటేశాం.

మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే మొదటి ఓడ 1860 నవంబరులో డర్బన్ చేరింది. 1911 దాకా నేటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీలు లక్షన్నర పైమాటే. వాళ్ళలో ఇంచుమించు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు. తమిళులతోపాటు మన తీరం వాళ్ళూ వేలల్లో వెళ్ళారు. ఆ స్ట్రెచర్లు మోసినవాళ్ళలో తెలుగువాడు లేడని అనుకోవడానికి కారణమేమీ లేదు. ఉన్నాడని రుజువు చేసే పని మాత్రం మనం పెట్టుకోలేదు. ఆధారాలు లేవని సభల్లో అనేవాళ్ళం. అయితే ఓడల చిట్టాల్లో ఒక్కో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చలతో సహా రాసి ఉన్నాయి. ఎవరు స్ట్రెచర్ మోశారో అందులో ఉండదు, నిజమే. కానీ వెతకడం మొదలుపెట్టవలసింది అక్కడే. ఏ రాజు ఏ అగ్రహారం ఎవరికిచ్చాడో తేల్చడానికి శాసనాలు తిరగేసిన ఓపికలో పదోవంతు ఆ చిట్టాల మీద పెట్టినా సరిపోయేది.

ఆ దళంలోని నాయకులకు రోగుల సేవలో తర్ఫీదు ఇచ్చినవాడు డర్బన్‌లో ధర్మాసుపత్రి నడిపిన డాక్టర్ బూత్. ఆయన దగ్గరే గాంధీ మందులు కలిపి ఇవ్వడం నేర్చుకున్నారు. కాల్పుల హద్దులోకి దళం వెళ్ళనక్కరలేదని ముందు ఒప్పుకున్నారు. 1900 జనవరిలో స్పియన్ కాప్ దగ్గర బ్రిటిష్ సైన్యం దెబ్బతిన్నాక ఆ హద్దు లోపలికీ వెళ్ళవలసి వచ్చింది. గాయపడ్డ మనిషిని స్ట్రెచర్ మీద పెట్టుకుని రోజుకు ఇరవై, పాతిక మైళ్ళు నడిచిన రోజులున్నాయని గాంధీ రాశారు. ఆరు వారాలకు దళాన్ని రద్దు చేశారు. పతకాలు నాయకులకు వచ్చాయి, 37 మందికి. మోసినవాళ్ళకు రాలేదు.

తెల్లదొరల వివక్ష అని ఇక్కడ ఒక మాట అనేసి తప్పుకోవచ్చు. వివక్ష ఉన్నమాటా నిజమే. కానీ ఆ పతకాల జాబితానే మనం చరిత్రగా ఎత్తి రాసుకున్నాం. ప్రత్యేక సంచికలు వేసినప్పుడల్లా ‘గాంధీజీ క్షతగాత్రులకు సేవ చేశారు’ అని రాశాం. స్ట్రెచర్‌కు రెండో కొస ఎవరు పట్టుకున్నారని సంపాదకులు అడగలేదు, రాసేవాళ్ళం చెప్పలేదు, పాఠకులకు లోటనీ అనిపించలేదు.

1906లో నేటాల్‌లోనే జులూ నాయకుడు బంబాత తిరుగుబాటు వచ్చింది. ఈసారి దళం చిన్నది, ఇరవై నాలుగు మంది. గాంధీతో కలిపి నలుగురు గుజరాతీలు, ఒక పఠాన్, మిగతావాళ్ళంతా ఒప్పందం ముగించుకున్న దక్షిణాది కూలీలు. ఈసారి ముఖ్యంగా చేసింది నర్సు పనే. జులూల గాయాలు ఐదారు రోజులుగా ఎవరూ కట్టకపోవడంతో చీము పట్టి కంపు కొడుతున్నాయి. వాళ్ళను ముట్టుకోవడానికి తెల్లవాళ్ళు ఇష్టపడలేదు. ఆ జులూలలో చాలామంది యుద్ధంలో గాయపడినవాళ్ళు కూడా కాదు, అనుమానం మీద కొరడా దెబ్బలు తిన్నవాళ్ళు. ఆ పుళ్ళు కడిగి కట్టు కట్టినవి మన కూలీల చేతులు.

మరి ఎందుకు మరిచిపోయాం? కూలీ అన్న మాట మనకు నామోషీ అయింది, అది ఒక కారణం. అంతకంటే లోతైనది, మగవాడు పరాయివాడి చీము తుడవడాన్ని మనం ఎన్నడూ గొప్ప పనిగా ఎంచలేదు. ఆసుపత్రిలో మన తండ్రికి పక్క మార్చి ఒళ్ళు తుడిచే వార్డు బాయ్ చేతిలో నోటు పెడతాం, పేరు అడగం. మేనల్లుడు గల్ఫ్‌లో నర్సుగా ఉంటే పెళ్ళి సంబంధాల దగ్గర ‘హాస్పిటల్లో ఉద్యోగం’ అంటాం. అబద్ధం కాదది, సగం నిజం. వందేళ్ళ కిందటి వాళ్ళ విషయంలోనూ మనం చెప్పుకున్నవి ఇలాంటి సగం నిజాలే.

ఇంకో మౌనం ఉంది. ఆ కట్లు కట్టించుకున్న జులూలు ఎవరు? వాళ్ళను కొట్టిన సైన్యం పక్షాన మన దళం వెళ్ళింది. బ్రిటిష్ ప్రజలుగా మన హక్కులు నిలబెట్టుకోవాలంటే విధేయత చూపాలని నేటాల్‌లోని మన పెద్దలు లెక్క వేశారు. చేసిన సేవ నిజమే, వెనకున్న లెక్కా నిజమే. మనవాళ్ళకు పేర్లు లేకుండా పోయాయని బాధపడుతున్న ఈ పేజీలో కూడా బంబాత తప్ప ఇంకో జులూ పేరు లేదు.

అక్కడ మిగిలిన తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను, భజనలను కాపాడుకున్నారు. ఇక్కడ తెలుగు మహాసభలు జరిగినప్పుడు మనం వాళ్ళను పిలిచాం, శాలువాలు కప్పాం, తెలుగు మాట్లాడుతున్నారని మురిసిపోయాం. మీ తాతలు ఏం పని చేశారని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నవాళ్ళం తక్కువ. చెప్పగలిగిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఇప్పుడు విగ్రహం పెట్టమని అడగడం తేలిక. చందాలు వస్తాయి, ఫోటోలు వస్తాయి. చిట్టాలు ముందేసుకుని ఊరూ పేరూ పోల్చి చూసుకుంటూ ఏళ్ళ తరబడి కూర్చునే పనికి చప్పట్లు ఉండవు. ఈ వ్యాసమూ ఆ పని చేయలేదు. ఆ దళాల గురించి గాంధీ రాసినంత మేరకే చెప్పింది. ఇక్కడితో ఆగిపోతే, పతకాల జాబితాను మళ్ళీ ఎత్తి రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణవుతాను.