యంత్రమూ వలస పోయింది

యంత్రం వస్తే కూలివాడి నోట్లో మట్టేనంటారు. నిజమే కాని, ఈ బూట్ల కథ కూడా వినండి.

అడిడాస్ జర్మనీ కంపెనీ. బూట్లు కుట్టించేది మాత్రం చాలావరకు కూలి చవకైన ఆసియా దేశాల్లో. అమ్ముకునే చోటనే యంత్రాల చేత చకచకా చేయిద్దామని జర్మనీలో అన్స్‌బాఖ్‌లోనూ, అమెరికాలో అట్లాంటా దగ్గరా ఫ్యాక్టరీలు పెట్టించింది. 2019లో, ఆ రెండూ మూసేసి యంత్రవిద్యను ఆసియాలోని కాంట్రాక్టర్లకు అప్పగిస్తున్నామంది!

కూలివాడు గెలిచాడని సంబరపడబోయాను. కాని యంత్రం అతని పక్కకే వచ్చి కూచుంది. రేపు అతను నాలుగు డబ్బులు ఎక్కువ అడిగితే యజమాని నోరు విప్పనక్కరలేదు. యంత్రం వంక చూస్తే చాలు.

నాకు యంత్రం మీద కోపం లేదండీ. అది మిగిల్చిన డబ్బు ఎవరి జేబులో పడుతుందన్నదే నా బెంగ.