బొగ్గుబాయి మాట

నాటింగ్‌హామ్ నగరమునకు నైరుతి దిక్కున, సోర్ అను చిన్న నది పోయి ట్రెంట్ నదిలో కలియు చోటికి చేరువగా, ఎనిమిది శీతలీకరణ గోపురములు నిలిచియున్నవి. నాలుగైదు తాటిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినంత యెత్తు. నడుమ సన్నగిలి మీద విచ్చుకొనిన గాదెల యాకారము. లండనునుండి మా అమ్మాయితో కూడ రైలులో పోవుచుండగా అవి కిటికీలో ప్రత్యక్షమై, బండి యెంత పరుగెత్తినను చాలసేపు మమ్ము విడిచిపెట్టలేదు. "నేను వచ్చిన కొత్తలో వీటి మీద తెల్లటి పొగ కనబడితే ఇల్లు దగ్గరపడిందని లేచి సంచులు సర్దుకునేదాన్ని నాన్నా. ఇప్పుడు ఏమరుపాటున దిగకుండా పోతానేమోనని భయం" అని ఆమె అన్నది.

2024వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ విద్యుత్కేంద్రము మూతపడెను. దానితో బ్రిటను దేశమున బొగ్గును మండించి విద్యుత్తును పుట్టించుట యను పని ముగిసినది. 1882లో లండనునందలి హోబర్న్ వయడక్ట్ కడ ఎడిసన్ సంస్థవారు నెలకొల్పిన కేంద్రము మొదలు లెక్కించినచో 142 ఏండ్ల కథ. ఆవిరియంత్రమును లోకమునకిచ్చి, ఆ యంత్రపు బలముననే సముద్రములు దాటివచ్చి మనలనేలిన దేశము, సంపన్నదేశముల కూటమియైన జీ-7లో తొట్టతొలిగా బొగ్గువిద్యుత్తును వదలుకొన్నది. 2012లో ఆ దేశపు విద్యుత్తులో నూటికి సుమారు నలుబది పాళ్లు బొగ్గునుండి వచ్చినదే. పండ్రెండేండ్లలో నలుబది సున్న యగుట సామాన్యమైన విషయము గాదు. ఆ ఘనత నొప్పుకొనుటకు మనము వెనుదీయ నక్కరలేదు.

అయితే బొగ్గు ఆ దేశమున రెండుమారులు చచ్చినది. మొదటి చావు గనులది, రెండవది కొలుములది. ఈ రెంటిని కలిపి యొకే పుణ్యకథగా చెప్పువారిని నేను నమ్మను.

1947 జనవరి 1వ తేదీన గనులు జాతీయమైనప్పుడు వానిలో దాదాపు ఏడు లక్షలమంది పనిచేయుచుండిరి. ఇకమీదట ఈ గని ప్రజల పక్షమున నడుపబడునని ప్రతి గని ముంగిటను నాడు బోర్డులు పాతిరి. 1974లో ఆ గనిపనివారి ఆందోళన వలన పరిశ్రమలకు వారమునకు మూడు దినములే విద్యుత్తు దక్కగా, దేశము నేలువారెవరో తేల్పుడని ఎన్నికలకు పోయిన ప్రధాని హీత్, ఏలువాడు తాను కాడని తెలిసికొని యింటికి పోయెను. పదేండ్లకు థాచర్ ప్రభుత్వము బొగ్గును ముందుగా గుట్టలుగా పోసికొని, సమ్మెకు సిద్ధపడి కూర్చున్నది. 1984 మార్చిలో మొదలైన సమ్మె సరిగా ఏడాదికి ఓటమితో ముగిసినది. గనులు వరుసగా మూతపడెను. అది భూతాపమును తగ్గించుటకు జరిగిన కార్యము కాదు. లాభనష్టముల లెక్కయు, కార్మికసంఘపు వెన్ను విరుచు సంకల్పమును దానికి హేతువులు. థాచర్ రాయల్ సొసైటీలో వాతావరణమును గూర్చి ప్రసంగించినది 1988లో, అనగా గనులపై విజయము ముగిసిన పిమ్మట. తరువాత కూడ కొలుములు మండుచునే యుండినవి. 2015లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని చివరి గని థోర్స్‌బీ, అదే యేడు డిసెంబరులో దేశమందలి చివరి లోతుగని కెల్లింగ్లీ మూతపడిన మీదట, రాట్‌క్లిఫ్ గోపురములు మఱి తొమ్మిదేండ్లు ఆవిరి విడిచినవి. కాళ్ల క్రింద బొగ్గు పొరలుండగా, ఓడలలో దిగిన పరదేశపు బొగ్గును తెచ్చి మండించిరన్నమాట. న్యూకాజిల్‌కు బొగ్గు మోసికొనిపోవుట యని ఇంగ్లీషువారిలో ఒక సామెత కలదు, మనము అన్నవరం ప్రసాదము అన్నవరమునకే మోసికొనిపోయినట్లు. వ్యర్థప్రయాసకు పేరైన ఆ పని కాలక్రమమున నిజమగుట విధివిలాసము.

రాట్‌క్లిఫ్ నుండి ఉత్తరముగా పది పండ్రెండు మైళ్లు పోయినచో ఈస్ట్‌వుడ్ అను చిన్న పట్టణము. డి.హెచ్. లారెన్స్ 1885లో జన్మించిన యిల్లు అక్కడ విక్టోరియా వీధిలో నున్నది, ఇప్పుడది ప్రదర్శనశాల. ఇటుకల వరుసయిండ్లలో ఒకటి. ఇరుగుపొరుగు ఇండ్లకు లేని పెద్ద కిటికీ దానికున్నది. లారెన్స్ తల్లి ఆ కిటికీలో అల్లికలును పసిపిల్లల బట్టలును పెట్టి అమ్ముకొనెడిదట. తండ్రి బ్రిన్స్‌లీ గనిలో బొగ్గుకొట్టువాడు, చదువు అంతంతమాత్రము. తల్లి కొంతకాలము బడిలో పాఠములు చెప్పిన మనిషి. ఇరుకైన ఆ వంటగదిలో నిలిచి చూచితిని: ఇనుప పొయ్యి, దాని ముందర స్నానపు తొట్టి. గనినుండి వచ్చిన తండ్రి ఆ పొయ్యిముందే వీపు కడుగుకొనెడివాడు. ఆ నాలుగడుగుల చోటులో రెండు భాషలు కాపురము చేసినవి. తండ్రిది గనివారి మాండలికము. తల్లిది బడిపంతులు మెచ్చెడి శిష్టభాష. పిల్లలు తల్లి పక్షము వహించిరి. 1913లో వెలువడిన 'సన్స్ అండ్ లవర్స్' నవలయందు తండ్రి నోటికి యాసను, తల్లి నోటికి నాగరకపు భాషను ఇచ్చి, సానుభూతిలో సింహభాగమును తల్లికే యిచ్చినాడు లారెన్స్. ఆ తండ్రి తెల్లవారకముందే లేచి, తన పొయ్యి తానే రాజేసికొని, ఒంటరిగా ఫలాహారము చేయు ఘట్టమును చదివినవారికి మాత్రము, రచయిత తెలిసియో తెలియకయో తండ్రికి తీర్చిన ఋణమొకటి అక్కడ కనబడును. తండ్రిపై చేదు పెంచుకొనిన ఆ కొడుకే, తాను వ్రాసిన నాటకములలోను కొన్ని పద్యములలోను ఆ యాసనే యేరికోరి పట్టుకొన్నాడు. శిష్టభాషలో అబద్ధము చెప్పుట సులభమనియు, తండ్రి భాషలో అట్లు చెప్పుట కష్టమనియు అతనికి తోచియుండును.

వ్యావహారికమును గూర్చిన యీ మాటను గ్రాంథికములో వ్రాయుచున్నందుకు నాకే నవ్వు వచ్చుచున్నది. గిడుగువారి అభిమానులు క్షమింతురు గాక; ముదిమిలో కలము నడక మార్చుట కష్టము.

ఈస్ట్‌వుడ్‌కు పోవు బస్సు నడుపునతడు నన్ను "డక్" అని పిలిచెను. డక్ అనగా బాతు. అరువదియైదేండ్లవాడను, పంచె కాకపోయినను ప్యాంటే కట్టియున్నవాడను, నన్ను బాతూ యని పిలిచెనేమని తొలుత చిన్నబోయితిని. మా అమ్మాయి నవ్వి, "ఇక్కడ అందరినీ అలాగే అంటారు నాన్నా, మనం బాబూ, నాయనా అన్నట్టు" అని సర్దిచెప్పినది. పిమ్మట దినమునకు పదిమారులు బాతునై తిరిగితిని. అక్కడి గనివారు చద్దిమూటకు స్నాప్ అని పేరుపెట్టిరి. తినువాడు గనిలో లేడు, ఆ మాట మాత్రము కొందరి యిండ్లలో ఇంకను మిగిలియున్నది. ఇవి మంచి మాటలు. చెడ్డ మాటయు నొకటి కలదు. పుండుపై కట్టిన పక్కును ఇంగ్లీషున స్కాబ్ అందురు; సమ్మె విరిచి పనికి పోయినవానికి అదే తిట్టు. 1984లో దేశవ్యాప్తమైన వోటింగు జరుగలేదను కారణమున నాటింగ్‌హామ్‌షైర్ గనివారిలో అధికసంఖ్యాకులు పని మానలేదు. ఒకే వీధిలో అన్నయు తమ్ముడును మాటలాడుకొనుట మానిరి. పనికి పోయినవారు మఱుసటేడు వేరు సంఘమును పెట్టుకొనిరి. ప్రభుత్వము తమ గనులనైనను కాపాడునని నమ్మిరి. 1992లో ముప్పదియొక్క గనుల మూసివేతను ప్రకటించినప్పుడు వారివియు అందులో చేరెను. పుండు మానలేదు, పక్కు రాలలేదు.

డికెన్స్ నవలలలోని మసిని గూర్చి, 1936లో విగన్ గనులలోనికి వంగి వంగి నడచిన ఆర్వెల్ నడుమునొప్పిని గూర్చి ఇప్పటికే చాలమంది వ్రాసియున్నారు. నేను చెప్పదలచినది వేరు. బొగ్గు ఆ దేశమునకు వేడినిచ్చినది, 1952 డిసెంబరునందు లండనులో వేలకొలది ప్రాణములను తీసినది. అయినను అది ఒక జనమును, ఆ జనమునకొక భాషను, ఆ భాషకొక వాఙ్మయమును ఇచ్చినది. గాలిమరలకు ఇంకను అట్టి భాష లేదు. 2000వ సంవత్సరములో బ్రిటను తొలి సముద్రపు గాలిమరలు రెండు బ్లైత్ తీరమున లేచినవి. బ్లైత్ అంతకుముందు బొగ్గు నెగుమతి చేయు రేవు! రేవున నిలిచి మరను చూచిన మనుష్యునకు ఆ రెంటి నడుమ నేదో యొక మాట తట్టవలసినది. ఇప్పుడు యార్క్‌షైర్‌కు ఎదుట ఉత్తర సముద్రమున వందలకొలది మరలు తిరుగుచున్నవి. కాని మర కడుపులో మనుష్యులు కాపురముండరు. పడవపై పోయి మరమ్మతుచేసి వచ్చువారు కొలదిమంది. పరిశుభ్రమైన శక్తికి ఇంతవరకు దొరికినది పరిపాలనాభాష యొక్కటే: లక్ష్యములు, శాతములు, గిగావాట్లు. 2008లో వాతావరణ శాసనమును కామన్సు సభ అంగీకరించినప్పుడు కాదన్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. నేడు విద్యుత్తు బిల్లును చూపి అదే శాసనమును రద్దుచేయవలెనని ప్రతిపక్షమువారే యనుచున్నారు. ఇంటిభాషలోనికి దిగని యాశయమును త్రోసిపుచ్చుట సులభము గదా. రెండవ చావును మాత్రము మెచ్చుకొనవలెను: 2015లోనే గడువు చెప్పి, రాట్‌క్లిఫ్ ఉద్యోగులకు వేరు పనులు నేర్చుకొనుటకు వ్యవధి యిచ్చిరి. మొదటి చావునకు అట్టి వ్యవధి లేకపోయినది.

ఇదంతయు మనకేల యందురేమో. 1886లో నిజాము రాజ్యమందలి ఖనిజములపై గుత్తాధికారము పొంది ఇల్లందు ప్రాంతమున బొగ్గు త్రవ్వించిన హైదరాబాదు దక్కన్ కంపెనీ లండనులో పుట్టినదే; దాని వాటాల విక్రయములో అక్రమములు జరిగినవను కోలాహలము చెలరేగగా 1888లో కామన్సు సభ విచారణసంఘమును వేసినది. అప్పటినుండి సింగరేణి బొగ్గు మన యింటి కథ. ఒకప్పుడు లక్షకు మించియుండిన కార్మికులు నేడు నలుబది వేలకు దరిదాపునకు దిగిరి. భూగర్భగనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగినవి. ఆ సంస్థయే సౌరఫలకములను నిలుపుచున్నది. బొగ్గు అక్కడను ఒకనాటికి ఆగును, ఆగవలెను కూడ. కాని గనికి మారుపేరైన బాయి, బాయిపని, మస్టరు పడుట, తట్టాచెమ్మస్, టబ్బు, సర్దారు అను మాటలతో ఒక శతాబ్దము గడిపిన యిండ్లున్నవి. సింగరేణి కథలును నవలలును మనకు లేకపోలేదు గాని, ఆ మాటల నన్నిటిని ఒకచో చేర్చిన పట్టికను నేనింకను చూడలేదు.

కావున బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, కొత్తగూడెం, ఇల్లందు ప్రాంతముల పాఠకులకు ఒక మనవి. మీ యింట బాయిలో దిగిన తండ్రియో, మామయో, తాతయో యున్నచో, వారు వాడు మాటలను, ఒక్కొక్క మాట ఏ పనికి చెల్లునో రెండు వాక్యములలో చేర్చి, మాకు పంపుడు; వచ్చిన వానిని నెలనెల ప్రకటింతుము. శిష్టభాషలోనికి దిద్దవలదు. వారు పలికినట్లే వ్రాయుడు.