టంకశాల తప్పిదమా? తరువాతి గాయమా?

ఇటీవల మన విద్యార్థులలో నాణెములు కూర్చు నభిరుచి పెరుగుచున్నది. ఇది మెచ్చదగిన యభిరుచియే. ఒక చిన్న నాణెమును శ్రద్ధతో పరిశీలించువానికి చరిత్రయు, భూగోళమును, లోహశాస్త్రమును గొంతగొంత పట్టుపడును. అయితే దీనితోబాటు మరియొక వ్యామోహమును వ్యాపించుచున్నది. అక్షరము చెరిగిన రూపాయి గాని, అంచు తెగిన బిళ్ల గాని కంటబడినతోడనే "ఇది టంకశాలలో తప్పుపడిన నాణెము, దీనికి లక్షలు వచ్చును" అని పలుకుట పరిపాటి యైనది. తల్లిదండ్రులు సైతము ఈ మాటను నమ్ముచుండుటచే, ఈ విషయమున మాకు తోచిన దానిని నిచ్చట విన్నవించుచున్నాము.

"దీని వెల యెంత?" అని యడుగుటకు ముందు "ఇది యెట్లు పుట్టెను?" అని యడుగవలెననియే మా యభిప్రాయము. రెండవ ప్రశ్నకు సమాధానము దొరకునంతవరకు మొదటిదానిని నోటికి రానీయరాదు.

నాణెము పుట్టు విధమును ముందుగా తెలిసికొందము. టంకశాలయందు లోహపు రేకునుండి గుండ్రని బిళ్లలను కత్తిరింతురు. వాని యంచులను యంత్రముతో కొంచెము పైకి లేపుదురు. పిదప ఒక్కొక్క బిళ్లను రెండు ఉక్కు అచ్చుల నడుమ నుంచి, చుట్టును ఒక వలయము బిగించి, మిక్కిలి యొత్తిడితో ముద్రింతురు. కావున నిజమైన తప్పిదము మూడు చోట్లనే పుట్టగలదు: బిళ్లయందు, అచ్చునందు, ముద్రించు క్షణమందు. ముద్రితమై వెలికి వచ్చిన పిమ్మట జరిగినదంతయు గాయమే. బండి చక్రము క్రింద నలిగినను, నిప్పున గాలినను, ఆకురాయితో నరుగదీసినను, ఆ నాణెమును టంకశాల తప్పిదమనరాదు.

ఈ భేదమును గుర్తించుటకు కొన్ని యానవాళ్లు గలవు. అచ్చు పగిలినచో లోహము ఆ పగులులోనికి చొచ్చుకొనిపోవును. అందుచే నాణెముపై నుబ్బెత్తు గీత యేర్పడును. నాణెమునే గీచినచో గీత పల్లముగా నుండి, దాని ప్రక్కల లోహము గట్టువలె లేచును. అయితే పల్లమైన ప్రతి గుర్తును గాయమే యని తలంపరాదు. బిళ్లకును అచ్చునకును నడుమ దారము చిక్కినచో దాని రూపము పల్లముగానే పడును. అచ్చులో జిడ్డు నిండినచో అక్షరములు మసకబారును గాని, చుట్టునున్న తలము చెదరదు. అక్షరమును గోకి తీసినచోట పనిముట్టు జాడ భూతద్దమున కానవచ్చును.

అంచు తెగిన నాణెము సంగతి మరింత రమ్యమైనది. రేకును కత్తిరించునపుడే బిళ్లకు కొరత పడినచో, ఆ కొరతకు సరిగా నెదుటి వైపున నంచు బలహీనముగా నుండుట తరచు కానవచ్చును. అంచును లేపు యంత్రమున ఒకవైపు లోహము లేనపుడు ఎదుటివైపు తగిన యొత్తిడి చాలకపోవుటయే దీనికి కారణము. ఇంటిలో కత్తిరించినవాడు ఈ రెండవ సాక్ష్యమును సృష్టింప మరచును.

అమెరికా దేశపు నాణెములు రెండు ఈ విషయమున గొప్ప గురువులు. 1943వ సంవత్సరమున యుద్ధమునకు రాగి యవసరమగుటచే అచ్చటి సెంటు నాణెములను జింకు పూత పూసిన యుక్కుతో ముద్రించిరి. మిగిలియున్న కంచు బిళ్లలు కొన్ని పొరపాటున ముద్రితములైనవి; అవి నేడు మిక్కిలి యరుదైనవి. అందుచే ఉక్కు సెంటుకు రాగిపూత పూసి మోసగించువారు బయలుదేరిరి. సూదంటురాయి వీరి గుట్టు బయటపెట్టును. కంచు సెంటు సుమారు 3.1 గ్రాములు, ఉక్కు సెంటు సుమారు 2.7 గ్రాములు తూగును. మరికొందరు 1948 నాటి సెంటులోని 8 అంకెను గోకి 3గా మార్చిరి. దీనికి సూదంటురాయియు త్రాసును చాలవు. అంకె రూపమునే పరికింపవలెను. ఒక్క పరీక్షతో తృప్తి చెందరాదని దీనివలన తెలియుచున్నది.

అట్లే 1937లో డెన్వరు టంకశాలయందు అచ్చును మితిమీరి సానపట్టుటచే, అయిదు సెంట్ల నాణెముపై అడవిదున్న ముందరి కాలొకటి మాయమయ్యెను. కాలిని గోకి తీసిన నకిలీలు పెక్కులు వచ్చినవి. కాని నిజమైన దానియందు వెనుక కాలును క్షీణించి యుండును. పొట్ట క్రింద చిన్న యుబ్బెత్తు చుక్కల వరుసయు నుండును. ఒక కాలిని తీసివేసినంతమాత్రమున ఈ గురుతులు రావు.

ఇక మన దేశపు సంగతి. హైదరాబాదు టంకశాల నాణెములపై సంవత్సరము క్రింద నక్షత్రమును, ముంబయి వానిపై వజ్రాకృతియు, నోయిడా వానిపై చుక్కయు నుండును. కలకత్తా నాణెములకు గుర్తే లేదు. గుర్తు లేకుండుటను తప్పిదమని భ్రమించువారు పలువురు గలరు. పది రూపాయల నాణెములు పలు రూపములలో నుండుట చూచి నకిలీలని నిరాకరించుటయు నిట్టిదే. పదునాలుగు రూపములలో వానిని విడుదల చేసినట్లును, అన్నియు చెల్లునట్లును 2018 జనవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు ప్రకటించినది. మార్పు వేరు, తప్పిదము వేరు, గాయము వేరు.

"దెబ్బతిన్న నాణెమును అరుదైనదని చెప్పి యమ్మినచో నెవరికి నష్టము?" అని కొందరు వాదింతురు. నష్టము కలదు. కొనువాడు తన ధనమును, అమ్మువాడు తన మాటకున్న విలువను గోల్పోవుదురు. ఈ యాశను పట్టుకొనియే మోసగాండ్రు బ్రదుకుచున్నారు. పాత నోట్లను నాణెములను కొనెదమని చెప్పి, తన పేరును చిహ్నమును వాడుకొని రుసుములును పన్నులును అడుగువారిని నమ్మవలదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించెను. లక్షలిత్తునని పలికి ముందుగా వందలడుగువానిని తల్లిదండ్రులు గడప దాటనీయరాదు.

విద్యార్థులారా! ధరల పట్టికలను చదువుటకు ముందు ఒక పిడికెడు సామాన్య నాణెములను, ఒక భూతద్దమును చేతబట్టుడు. సరియైన నాణెమును బాగుగ నెరిగినవానికే తప్పినది తెలియును. మీ నాణెము గాయపడినదేయని తేలినచో చిన్నబోవలదు. దానిని ఒక రూపాయిగా చూచుటలో నవమానమేమియు లేదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పగల్గుట యే నాణెముల పెట్టెకన్నను విలువైనదని మేము నమ్ముచున్నాము.