పాత కారు, కొత్త రంగు

గల్ఫ్‌లో చాలాకాలం పనిచేసి స్వగ్రామానికి తిరిగివచ్చిన ఒక పాఠకుడు మాకిలా రాశారు: అబ్బాజాన్ ఒకప్పుడు నడిపిన అంబాసిడర్ వంటి బండినే కొనుక్కోవాలని ఉంది. 1968 నాటిది, పూర్తిగా బాగుచేయించినది ఒకటి అమ్మకానికి వచ్చింది. అద్దంలా మెరుస్తోంది. అడుగుతున్న ధరకు అది తగినదేనా?

బండిని చూడకుండా ధర చెప్పడం మా వల్ల కాదు. కానీ ఆ ధర దేనికి అడుగుతున్నారో తేల్చుకొనే మార్గం ఉంది. ఇటువంటి బండ్లలో కొనేవారి కంటికి మొదట కనిపించేది రంగు. విలువను నిర్ణయించేవి మాత్రం రంగు కింది ఇనుము, దానిపై చెక్కిన అంకెలు, ఆ అంకెలకు సరిపోయే కాగితాలు.

ముందుగా 'బాగున్న బండి', 'అసలైన బండి' అనే రెండు మాటలను వేరుచేసి చూడాలి. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ అంబాసిడర్‌ను పశ్చిమ బెంగాల్‌లో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసింది. ఆకారం పెద్దగా మారలేదు గనుక అన్నీ ఒకటే అనిపిస్తాయి. లోపల మాత్రం చాలా మారింది. 1968 నాటి బండికి ఉండవలసింది 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ. 1800 సీసీ ఇసుజు ఇంజను 1990లలో వచ్చింది. పాత బండికి ఇసుజు ఇంజను బిగించుకున్నవారు ఉన్నారు. నడపడానికి అది హాయిగానే ఉంటుంది, ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉంటే అభ్యంతరమూ లేదు. కానీ దానిని 'ఒరిజినల్ 1968' అని చెప్పి, ఆ పేరుకు తగిన ధర అడగడం వేరే సంగతి.

ఫియట్ విషయంలోనూ ఇంతే. ముంబయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఆ బండికి 'పద్మిని' అనే పేరు 1970లలో వచ్చినదే. 1966 నాటిదని చెప్పే బండి వెనుక పద్మిని బిళ్ళ కనిపిస్తే, ఒక్క బిళ్ళే మారిందా, బండి మొత్తం మారిందా అని అడగవలసిందే. మీటరు చూపించి 'నలభై వేల కిలోమీటర్లే తిరిగింది' అనే మాటకు విలువ ఇవ్వనక్కరలేదు. ఆ కాలపు మీటర్లలో చాలావాటికి ఐదు అంకెలే. లక్ష దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి.

ఇక ఇనుము. అంబాసిడర్‌కు గానీ ఫియట్‌కు గానీ లారీకి ఉన్నట్లు విడిగా చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింది పెట్టెలాంటి అంచులు, పైకప్పు కలిసే బండి బరువును మోస్తాయి. కనుక తలుపు కింది అంచు తుప్పుపడితే అది అందానికి వచ్చిన లోపం కాదు, బండి ఎముకకు వచ్చిన లోపం. దానిని కోసి కొత్త రేకు అతికించడం రోజుల తరబడి పని. లప్పం నింపి రంగు కొట్టడం ఒక పూట పని. కొత్త రంగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల అడుగున, చక్రాల పైవంపున, డిక్కీ మూలల్లో తాకించి చూడండి. ఒకచోట గట్టిగా అంటుకొని పక్కనే జారిపోతే అక్కడ లప్పం మందంగా ఉన్నట్లే. తివాచీ ఎత్తి నేల రేకు చూడండి, స్టెప్నీ తీసి దాని కింద చూడండి. జాకీ పెట్టే చోట బండిని లేపినప్పుడు తలుపు బిగుసుకుపోతే లేక సందు పెరిగితే అంచులు బలహీనమయ్యాయని అర్థం. 'రంగు పాడవుతుంది, తాకవద్దు' అనే అమ్మకందారు దగ్గర నుంచి మేమైతే లేచివస్తాము.

ఆర్‌సీలోని చాసిస్, ఇంజను నంబర్లను బండిపై చెక్కిన వాటితో స్వయంగా పోల్చుకోవాలి. రవాణా కార్యాలయంలో చేసినట్లే, పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేటగా వస్తాయి. అంకెల వరుస వంకరగా ఉన్నా, ఆ ఒక్కచోటే గ్రైండరు గీతలున్నా బేరం అక్కడితో ఆపాలి.

అయితే ప్రతి భాగమూ మొదటిదే ఉండాలా? ఈ ప్రశ్న ఇంగ్లండ్‌లో కోర్టు వరకు వెళ్ళింది. 1929, 1930 లెమాన్స్ పందేలు గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ కారును కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్న సంస్థ, అది అసలైనది కాదంటూ వెనక్కి తగ్గింది. పందెంలో గెలిచిన నాటి భాగాలు అందులో మిగిలినవి అతి స్వల్పమని 1990లో న్యాయమూర్తి గుర్తించారు. అయినా ఆ బండి ఎన్నడూ మాయమై వేరొకటి దాని పేరుతో పుట్టలేదు, ప్రతి మార్పూ ఒకే బండి చరిత్రలో భాగంగా జరిగింది, కనుక అది ఆ బండేనని తీర్పు చెప్పారు. మన అంబాసిడర్‌కూ ఇదే కొలత. మారిన భాగాలు ఎన్ని అన్నదాని కన్నా, ఏది ఎప్పుడు మారిందో చూపగలరా అన్నది ముఖ్యం. బాగుచేయక ముందు తీసిన ఫొటోలు, షెడ్డు బిల్లులు, పాత ఇన్సూరెన్సు కాగితాలు ఉన్న బండికి కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

'నాలుగు లక్షలు ఖర్చుపెట్టాను, ఐదుకు ఇస్తాను' అని అంటారు. పెట్టిన ఖర్చు ధర కాదు. ఇదే ఏడాది, ఇదే నమూనా బాగుచేయని స్థితిలో ఎంతకు దొరుకుతుందో విచారించండి. దానికి, బిల్లులతో రుజువైన రేకు పనిని, ఇంజను పనిని మాత్రమే కలపండి. సీటు కవర్లు, క్రోమ్ పూత, మ్యూజిక్ సిస్టం ఎవరి ముచ్చటకు వారు పెట్టుకున్నవి.

2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండ్లకే అవి వర్తిస్తాయి. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు, కొత్తగా నమోదయ్యేవాటికి 'వీఏ' వరుస ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. కానీ అలా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. పిల్లలను బడిలో దించాలనుకొనే కుటుంబానికి ఈ నమోదు పనికిరాదు. 'వింటేజ్ అవుతుంది' అని ధర పెంచితే, మీకు అక్కరలేనిదానికి డబ్బు అడుగుతున్నట్లే.

అమ్మేవారిలోనూ మన పాఠకులు ఉంటారు. సరుకులోని లోపాన్ని తెలిసి దాచి అమ్మడాన్ని ఇస్లాం నిషేధించింది. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కును షరీయత్ కొనేవారికి ఇచ్చింది. 'ఉన్నది ఉన్నట్లు అమ్మాను' అనే మాట, లప్పం వెనుక తుప్పు ఉందని తెలిసినవారికి రక్షణ కాదు. ఇంజను ఏ ఏడాదిదో, ఏ రేకు మార్చారో ఒప్పంద పత్రంలో రాసి సంతకం చేయడానికి నిజాయితీ గలవారు వెనుకాడరు.

సొమ్ము చెల్లించే ముందు ఆర్‌సీ గడువు చూసుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి దానిని పొడిగించుకోవాలి. పాత బండ్ల వివరాలు కొన్ని ఇంకా పరివాహన్ కంప్యూటర్లలోకి ఎక్కలేదు. అటువంటిదైతే ఆ నమోదును అమ్మేవారే ముందుగా చేయించి ఇవ్వాలి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, పాత అప్పు ఉంటే ఫారం 35, యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30. ఆర్‌సీ మీ పేరుకు మారేవరకు కొంత మొత్తం మీ దగ్గరే ఉండేలా ఒప్పందంలో రాయించుకోండి.