మిఠాయికి మజహబ్ అంటగట్టకండి

ఇంటర్ చదివే రోజుల్లో మా మొహల్లా పక్క బజారులో ఒక సేఠ్ గారి మిఠాయి దుకాణంలో పనిచేశాను. రంజాన్‌లో అసర్ దాటితే చాలు, "బేటా, ఇఫ్తార్‌కు ఇంటికి పో" అని జిలేబీ పొట్లం చేతిలో పెట్టేవారు. దీపావళికి రాత్రి పొద్దుపోయేదాకా తరాజు నా చేతిలోనే. కొనేవాళ్లెవరూ నా పేరు అడగలేదు.

ఇప్పుడేమో బోర్డు మీద పేరు చూసి కొనాలట! హల్వా అరబ్బీ లఫ్జ్. బర్ఫీ ఫార్సీ 'బర్ఫ్' నుంచి వచ్చింది. మరి వాటినీ బహిష్కరిస్తారా జనాబ్?

మనవాళ్లకూ ఒక మాట. 'మనోళ్ల దగ్గరే కొనండి' అని వాట్సాప్‌లో తిప్పే భాయీ, నఫ్రత్‌కు నఫ్రత్ జవాబు కాదు. ఆ సేఠ్ ఇచ్చిన తన్‌ఖాతోనే నా ఫీజు కట్టాను. మిఠాయి దుకాణంలో తిన్నా నమక్ నమకే.